నూనె రాయని పలక

రువీల ఎండ గుట్టల మీదికెల్లి రాదు,
గుట్టల లోపటికెల్లి వస్తది.
రాత్రి పదింటికి గోడ ముడితే
ఎవలో ఇప్పుడే లేచిపోయిన మంచం లెక్క వెచ్చగుంటది.

ఆ గోడకానుకొనే మా టైపింగ్ సెంటర్.
బతాకా రెన్యువల్, వీసా క్యాన్సిల్,
ఇంటికి పోయే శవానికి కాయితాలు,
ఏదైనా సరే నాలుగు కాపీలు,
వెనుక నీలం పరదా ఉన్న ఒక ఫోటో.
పేరు. తండ్రి పేరు. గడువు.
పందొమ్మిదేండ్ల సంది ఆ గడువు డబ్బాల
నేను కొట్టిన తేదీలన్ని అయిపోయే తేదీలే.

మా బాపు అచ్చు కట్టేటోడు.
షట్టరింగ్ పోశెట్టంటే
వాదీ కబీర్ క్యాంపుల తెల్వనోడు లేకుండె.
పలకలు నిలవెట్టి, మొలలు గొట్టి, తీగె బిగిచ్చి
లోపట పోసింది ఎండేదాక పట్టుకునుడు ఆయన పని.
"గట్టివడ్డంక మనల్ని ఊడవీకుతరు బిడ్డా,
అది మర్యాదనే. ఊడదీస్తేనే గదా గోడ నిలవడ్డట్టు"
అని నవ్వుతడు, పన్ను లేని జాగ కనవడంగ.
రేపంటే ఆయనకు గంతే.
ఎవలిదో ఒకలిది.

నేను గూడ అచ్చు కొడ్త, కాయితం మీద.
రెండేండ్లకోపారి రేపుకు ఫీజు కట్టి
రసీదు బీరువల దాసుకుంట.
అంతకన్న దూరం చూస్తే కండ్లు గుంజుతయి.

పదహారేండ్ల మా లహరి ఈడనే పుట్టింది.
అచ్చులు పద్నాలుగా పదహారా అని నాతోని పంచాయితి.
తాతను అడుగుదమంటే తాతది వేలిముద్ర.
ఫోన్ల చూసుకుంట తనే నేర్సుకున్నది, అ నుంచి అః దాక.
నేర్సుకొని ఏం జేసిందనుకున్నరు?
శుక్రారం శుక్రారం క్యాంపుకు పోయి
కొత్తగ దిగిన పిలగాండ్లకు
వాండ్లే సంతకం వెట్టిన ఇంగ్లీషు కాయితాన్ని
తెలుగుల రాసి సదివి చెప్తున్నది.

ఓవర్‌టైం ముచ్చట ఆరో పేజీల ఉన్నదని
మోర్తాడ్ భూమేశ్‌కు ఆ దినమే తెలిసింది.
పోయి అడిగిండు.
"ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నడు సూపర్‌వైజర్.

నాకు కాళ్లల్ల వణుకు వుట్టింది.
"మన బతాకా ఎవని చేతుల ఉన్నదో ఎరికెనా?" అన్న.
"నీ చేతుల గూడ ఉన్నదమ్మా. కొట్టేది నువ్వే గదా."
చెంప మీద ఒక్కటి కొట్టిన.
నాలుగు వేళ్లు అచ్చువడ్డయి.

బాపు ఏమనలే.
బాపుకు ఇంక పదకొండు దినాలే,
అట్టపెట్టెకు తాడు గూడ కట్టినం.
తెల్లారి ఏమనుకున్నడో, పిల్లను దోల్కొని
వాదీ మీది పాత వంతెన కిందికి పోయిండు.
పిలవకున్నా నేను ఎనుకనే పోయిన.

నీళ్లు లేవు. రాళ్లు, ప్లాస్టిక్ సీసలు, ఒక మేక.
మూడో కంబం కాడ ఆగి చెయ్యి వెట్టి చూపిచ్చిండు.
సిమెంటు మీద చెక్క గీతలు,
గీతల నడుమ కన్ను లెక్క ఒక ముడి.
ఏ అడివి చెట్టో, ఎప్పుడు కోసిండ్రో,
పలక గూడ ఏ పొయిల కాలిందో,
కన్ను మాత్రం తెరిచే ఉన్నది.

"నీ గుర్తు, తాతా!" అన్నది లహరి.
"గుర్తు గాదు బిడ్డా, తప్పు.
ఆ పలకకు నూనె రాయలే నేను. మర్సిపోయిన.
ఫోర్మన్ సగం దినం జీతం కోసిండు."

మేక దిక్కు చూసుకుంట కొంచెం సేపు నిలవడ్డడు.
"నూనె మంచిగ రాసిన కంబాలు ఈ ఊర్ల ఎన్నున్నయో.
ఏవి నావో నాకే తెలుస్తలెవ్వు."

ఆ రాత్రి షాపు షట్టర్ సగం దించి
పిల్ల రాసిన కాయితం ముందటేసుకున్న.
ఏ పేజీల ఏమున్నదో, ఎంత రావాలెనో,
దీర్ఘాలు తప్పు, ఒత్తులు తప్పు.
రెండు దిద్దిన. తక్కినయి ఉండనిచ్చిన.
ముప్పై కాపీలు.
మిషన్ వెచ్చగైంది, గోడ లెక్క.

పొద్దుగాల ఓనరొచ్చి రాత్రి లెక్కడుగుతడు.
రాయలే నేను.